శ్రీరంగప్ప వేసిన అతుకు

డ్రోన్ పడింది.

మద్దిలేటి చేనిమీద చక్కగా లేచింది. గట్టు దాటి, వేరుశనగ సాళ్ళ వెంబడి నీళ్ళు చల్లుకుంటూ కొంతదూరం బుద్ధిగా పోయి, ఉన్నట్టుండి గొంతు మార్చింది. ఆరు రెక్కల హోరు సన్నబడి మూలుగైంది. కేశవ రిమోట్ మీద బొటనవేళ్ళు అదిమిపట్టి "లేయ్, లేయ్" అన్నాడు, పడుకున్న ఎద్దును అదిలించినట్టు. అది లేవలేదు. నిండు ట్యాంకుతో సహా చేలో కూలబడి, ఒక రెక్క విరగ్గొట్టుకుని ఊరుకుంది.

గట్టుమీద నిలబడ్డ రైతులు ఒక్కరూ నవ్వలేదు. నవ్వే స్థితిలో లేరు పాపం. వానాకాలమంతా కలిపి ఒక్క మంచి వాన పడింది. ఆ ఒక్క వానకే చేలు పచ్చబడ్డాయి, ఆ పచ్చదనం మీదికి ఎర్ర గొంగళిపురుగు దండు దిగింది. ఆకులు అప్పటికే జల్లెడలయ్యాయి. ఈ వారంలో మందు పడకపోతే చేను పశువుల మేతకు కూడా పనికిరాదు. మందు కొట్టే మనుషులా, దొరకడం లేదు. అందుకే ధర్మవరం నేతగాడు శ్రీరంగప్ప కొడుకు కేశవ, వాడి స్నేహితుడు కలిసి ఇంట్లోనే మందు కొట్టే డ్రోన్ చేశారంటే మద్దిలేటి తన చేను ఇచ్చాడు. ముందు నీళ్ళతో ఎగరేసి చూపించండి, తర్వాత మందు పోస్తానన్నాడు.

శ్రీరంగప్ప తువ్వాలు భుజాన వేసుకుని కొడుకు వెనకాలే చేలోకి నడిచాడు. కేశవ ఫోన్ చూసుకుంటున్నాడు. గాల్లో ఉన్నంతసేపూ కరెంటు ఓల్టేజి ఎంతుందో అందులో గీత పడుతుంది. గీత నిదానంగా పోయి, బరువెక్కిన చోట బావిలోకి దూకినట్టు దిగిపోయింది. స్నేహితుడు ఐజాక్ అప్పటికే మోకాళ్ళమీద కూర్చుని బ్యాటరీకి మీటరు పెట్టాడు. ఐజాక్ మోటార్లకు వైండింగ్ చేసే అంగట్లో పనిచేస్తాడు. చిన్న చిన్న సెల్లులు వరసగా కూర్చి ఆ బ్యాటరీ కట్టింది వాడే.

"చూడ్రా, నిండుగా ఉండాది," అన్నాడు ఐజాక్.

"నేలమీద నిండుగానే ఉంటాది. బరువెత్తమంటే పడిపోతాండాది. పాత సెల్లు చేసే పనే అది."

"పాత సెల్లా? బెంగుళూరు పార్సిలు నీ ముందరే గదరా విప్పింది!"

"విప్పింది నా ముందర. కూర్చింది మీ అంగట్లో."

ఐజాక్ ఆ మాటను విననట్టే డ్రోన్ కిందికి వంగాడు. "బ్యాటరీ నుంచి మోటార్ల దాకా దోవ ఉండాది కదా, ఆ దోవలో యాడో ఇరుకుండాది. ఈ అతుకు విప్పి చూద్దాం. దీనికి ఆ పక్క ఈ పక్క మీటరు పెడితే తెలిసిపోతాది," అని ఎర్ర వైరు మీదున్న నల్ల గొట్టాన్ని వేలితో తాకాడు.

శ్రీరంగప్పకు ఒళ్ళు మండింది. ఆ గొట్టం కిందున్నది ఆయన వేసిన అతుకు. నేతగాళ్ళ వీధిలో ఒకరు వేసిన అతుకును ఇంకొకరు విప్పరు. తప్పు పడితే వేసినవాణ్ణే పిలుస్తారు. వాడే విప్పుతాడు, వాడే మళ్ళీ వేస్తాడు. వేరే చెయ్యి పడిందంటే ఆ మనిషికి పని రాదని వీధిలో చాటించినట్టే. అందులోనూ శ్రీరంగప్ప అతుకు! మగ్గం మీద పాత పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు, వేల పోగులను పోగుకు పోగు మెలిపెట్టి కలపడానికి ఊరు ఊరంతా ఆయన్నే పిలుస్తుంది. ఆయన కలిపిన చోట వేలితో రుద్దినా అతుకు తగలదు.

"నా అతుకు విప్పేదానికి నువ్వెవుడ్రా?" అన్నాడు.

"కోపం చేసుకోవద్దు పెద్దాయనా. ఊరికే చూద్దామని..."

"నా చేతి అతుకు ఊడింది ఇన్నేండ్లలో యాడన్నా చూసినావా? విన్నావా?"

"ఊడిందని కాదు..."

"మరేంది? ముందు నీ సెల్లు చూసుకో పో."

అంతమందిలో పరువు పోయి మండిపడుతున్న కేశవకు ఆ మాట దారి చూపించింది. "మా నాయన పనినే అనేంతోడివైనావా? కొత్త సెల్లు అమ్ముకోని పాతవి కూర్చినావు. ఒప్పుకోరాదా?" అని చేను దద్దరిల్లేటట్టు అరిచాడు.

ఐజాక్ మెల్లగా లేచి నిలబడ్డాడు. "దొంగ అంటాండావా?"

"నేననలేదు. గీత చెప్తాండాది."

ఐజాక్ మీటరు తీగ చుట్టి, దాన్ని ఎవరిదో వస్తువులాగా డ్రోన్ పక్కన పెట్టి, చేనికి అడ్డంపడి వెళ్ళిపోయాడు. గట్టు చివర అతని తల్లి కృపాకుమారి నిలబడి ఉంది. ఈ చుట్టుపక్కల మందు కొట్టడానికి మిగిలింది ఆమె ఒక్కతే. మోసి మోసి మెడ చుట్టూ చర్మం ఎర్రగా పొక్కిపోయింది. కొడుకు చేసిన యంత్రం ఎగిరితే ఇక వీపున ట్యాంకు మొయ్యక్కర్లేదని చూడటానికొచ్చింది. కొడుకు పక్కనుంచే పోయినా ఆమె పిలవలేదు.

"మీ గొడవ మాకెందుకప్పా," అన్నాడు మద్దిలేటి. "కృపమ్మా, నువ్వు మొదలుపెట్టు."

కృపాకుమారి వంగి ట్యాంకు పట్టీల్లోకి ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి దూర్చింది. శ్రీరంగప్ప అప్పటిదాకా గెలిచినట్టే ఉన్నాడు. ఆ పట్టీ ఆమె మెడ మీది పొక్కుల మీద పడటం చూసి మొహం తిప్పుకున్నాడు.

మరుసటి రోజు కేశవ అనంతపురంలో ఎవరినో బతిమాలి ఇంకో బ్యాటరీ తెచ్చాడు. డ్రోన్‌ను ఇంటి వసారాలో పెట్టి, విరిగిన రెక్క మార్చి, ఎగిరిపోకుండా కాళ్ళను బండరాయికి కట్టేశాడు. లోపల మగ్గం గుంటలో కూర్చున్న శ్రీరంగప్పకు పేక నెయ్యబుద్ధి పుట్టలేదు. అడ్డపోగు పరిచే నాడెను పక్కన పెట్టి బయటికొచ్చాడు.

"నాయనా, రవ్వంత ఈ వైర్లు పక్కకు పట్టుకో. రెక్కలకు తగిలేటట్టుండాయి."

శ్రీరంగప్ప వైర్లను గుప్పెట్లో పట్టుకున్నాడు. రెక్కలు తిరిగాయి. దుమ్ము లేచింది. గూట్లో దీపం ఆరిపోయిందని హనుమంతమ్మ లోపలినుంచి మొగుణ్ణీ కొడుకునూ కలిపి తిట్టింది. కేశవ వేగం పెంచాడు, ఇంకా పెంచాడు. తాళ్ళు బిగిశాయి. అంతలో మళ్ళీ అదే మూలుగు. రెక్కలు సోలిపోయి ఆగాయి.

"థూ," అన్నాడు కేశవ. "కొత్త బ్యాటరీకి గూడా ఇదే రోగం."

శ్రీరంగప్పకు ఆ మాటలు వినపడలేదు. గుప్పెట్లో ఏదో కాలింది. కొత్త బ్యాటరీ దగ్గర వైరు చల్లగానే ఉంది. మోటార్ల వైపు కూడా పెద్దగా వేడి లేదు. మధ్యలో నల్ల గొట్టం, తన అతుకున్న చోటు, పొయ్యిమీది గరిటెలాగా కాలింది. గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైంది నాయనా?"

"ఏం లేదు. పొద్దున పట్టుపోగు కోసుకుంది లే."

అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యమేసింది.

"అయితే సెల్లు కాదేమో," అని కేశవ గొణుక్కున్నాడు. అంతలోనే తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. "ఏమోలే, వాని పాత సెల్లు ఓల్టేజి పడేసి పడేసి కంట్రోలరును చెడగొట్టుంటాయి. అది మారుస్తా. వైరు గూడా మొత్తం కొత్తది వేస్తా, ఒక పని అయిపోతాది."

కేశవ కొత్త సామాన్లకని బస్సెక్కిపోయాడు. హనుమంతమ్మ కొళాయి దగ్గరికి పోయింది. శ్రీరంగప్ప వీధి తలుపు దగ్గరగా వేసి, బ్లేడు తీసుకుని డ్రోన్ పక్కన కూర్చున్నాడు. తన ఇంట్లో తాను దొంగలాగా కూర్చోవలసి వచ్చినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

గొట్టాన్ని నిలువుగా చీల్చాడు. లోపలివైపు అది కరిగి ముద్దయింది.

ఆ అతుకు వేసిన పూట ఆయనకు బాగా గుర్తుంది. ట్యాంకు కిందికి జరిపితే వైరు పొడుగు చాలలేదు. ఇంట్లో ఉన్న చిన్న సోల్డరింగ్ కడ్డీ ఆ లావు వైరును వేడెక్కించలేక సీసం ఉండలు ఉండలుగా జారిపోయింది. ఐజాక్ అంగట్లోని పెద్ద కడ్డీ తెస్తానన్నాడు. అంతవరకూ ఎందుకని శ్రీరంగప్పే ముందుకు జరిగాడు. వైరు కొస చూస్తే లోపల జుట్టంత సన్నటి రాగి పోగులు, వందలు. పడుగు కనపడితే ఆయన చేతులు ఊరుకుంటాయా? అలవాటు ప్రకారం పక్కన చిప్పలో బూడిద పెట్టుకుని, పోగు జారకుండా వేళ్ళకు అద్దుకుంటూ, ఇటు పోగూ అటు పోగూ జతచేసి మెలిపెట్టుకుంటూ పోయాడు. ఐజాక్ మర్నాడొచ్చి చూసి "మిషను గూడా ఇట్ల చెయ్యలేదు పెద్దాయనా" అన్నాడు. ఆ మెప్పుకు ఆయన వారం రోజులు మురిసిపోయాడు. వాడు కడ్డీ సంగతి ఎత్తితే "దీనికి సీసం పూసేది, పట్టుచీరకు తారు పూసేది ఒకటే" అని నోరు మూయించాడు.

ఇప్పుడా మెలికల మధ్య బూడిద గట్టిగా గారలాగా పేరుకుపోయింది. రాగి నల్లగా కమిలింది. అక్కడక్కడ నీలం తిరిగింది. ఒక్క పోగు కూడా ఊడలేదు. పట్టి లాగినా రాదు. అదే ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది. పట్టుపోగుకు పట్టు ఉంటే చాలు, లోపలినుంచి ఏదీ పారక్కర్లేదు. దీంట్లో కరెంటు పారాలి. దాని దోవలో పోగు పోగుకూ తానే బూడిద కూరి పెట్టాడు. ఐజాక్ చెప్పిన ఇరుకు ఇదే. ఒక్కసారి విప్పి చూద్దామన్నాడు, అంతే కదా వాడన్నది!

బయట బిందె చప్పుడైంది. ఆయన గబగబా నల్ల టేపు చుట్టేశాడు.

"విన్యావా?" అంది హనుమంతమ్మ బిందె దించుతూ. "ఆ ఐజాకును అంగట్లోకి రావద్దన్యారంట. సెల్లు మార్చేటోడు రేపు మా మోటార్లలో రాగి మార్చడని ఏం నమ్మకమంటాండాడంట అంగడి సేటు. కొళాయి కాడ అందరూ అదే మాట."

శ్రీరంగప్ప మగ్గం గుంటలోకి దిగాడు. ఆ పూట ఆయన చేతిలో పోగులు తెగినన్నిసార్లు నేర్చుకునే రోజుల్లో కూడా తెగలేదు. చెప్పెయ్యాలి, కేశవ రాగానే చెప్పెయ్యాలి అనుకున్నాడు. అనుకుంటూనే, చెబితే ఏమవుతుందో కూడా చూసుకున్నాడు. రేపు ఎవరింట్లోనో పడుగు ఎక్కుతుంది. శ్రీరంగప్పను పిలుద్దామా అని ఒకరంటారు, ఆయన అతుకు వల్లే కదా అంత రచ్చ అయిందని ఇంకొకరంటారు. కళ్ళు మసకబారుతున్న ఈ వయసులో ఆయనకు మిగిలింది ఆ పిలుపొక్కటే.

శనివారం కేశవ సామాన్లతో వచ్చాడు. కంట్రోలరు మార్చాడు. పాత వైరు కత్తిరించి మూలన పారేసి, ఈ కొసనుంచి ఆ కొసదాకా అతుకు లేని కొత్త వైరు వేశాడు. వసారాలో బండకు కట్టి వేగం పెంచితే, డ్రోన్ బండతో సహా లేస్తానన్నట్టు గింజుకుంది. మూలుగు లేదు.

"చూసినావా నాయనా! మొత్తం వాని సెల్లు చేసిన పనే. సోమవారం మద్దిలేటన్న చేన్లో మళ్ళా ఎగరేస్తా. ఆడికి మన వీధోళ్ళను గూడా పిలుస్తా, చూడనీ అందరూ."

చెప్పనవసరం లేకుండానే అంతా సర్దుకుపోతోంది. తప్పు కత్తిరించి చెత్తలో పడింది. ఇక దానికి పేరు పెట్టేవాడే లేడు. శ్రీరంగప్ప కొడుకు అటు తిరగ్గానే ఆ వైరు ముక్కను ఏరుకుని రొంటిన దోపుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో ఆయనకే సరిగ్గా తెలియదు. పారెయ్యడానికా, దాచడానికా? రాత్రంతా అది నడుముకు గుచ్చుకుంటూనే ఉంది.

ఆదివారం పొద్దున తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రైలుగేటు దాటాడు. గేటవతల ఐజాక్ వాళ్ళ కాలనీలో ఆయన ఎన్నడూ అడుగుపెట్టలేదు. చర్చి దగ్గర చెప్పులు విడుస్తుంటే చంటిబిడ్డను ఎత్తుకున్న ఆడమనిషి ఆశ్చర్యంగా చూసి దారిచ్చింది. లోపల చాపలమీద ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు. పాట అయిపోయింది. పాస్టరు మైకులో "సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకు రావచ్చు" అన్నాడు. కష్టం తీరినవాళ్ళు, జబ్బు నయమైనవాళ్ళు లేచి నాలుగు మాటలు చెప్పడం అక్కడి అలవాటని శ్రీరంగప్ప విని ఉన్నాడు. దానికోసమే వచ్చాడు. లేచి ముందుకు నడిచాడు.

నుదుటి నామం చూసి పాస్టరు తడబడి, మంచి మనిషి కాబట్టి మైకు ఇచ్చేశాడు.

"నా పేరు శ్రీరంగప్ప. నేత పని. నేను మీ దేవుని గురించి చెప్పేదానికి రాలేదు. నాకు తెల్దు," అన్నాడు. గొంతు మైకులో తనది కానట్టు వినిపించింది. రొంటినుంచి వైరు తీశాడు. "ఇది నేను వేసిన అతుకు. పట్టుకు అద్దినట్టు దీనికి గూడా బూడిద అద్దినా. అదే కరెంటుకు అడ్డం పడింది. ఐజాక్ విప్పి చూద్దామన్యాడు. నేను విప్పనీలే. వాని సెల్లు మంచివే. వాడు దొంగ కాదు. తప్పు నాది."

ఎవరో "స్తోత్రం" అన్నారు. అలవాటు కొద్దీ అందరూ "స్తోత్రం" అన్నారు. ఆడవాళ్ళ వరసలో కృపాకుమారి మాత్రం ఆయన చేతిలోని వైరునే చూసింది.

బయటికొచ్చేసరికి శ్రీరంగప్ప ఒళ్ళు తేలికైంది. ఇంత సులువైన పనికా ఇన్నిరోజులు వేగిపోయాను అనుకుంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. గోడ పక్కన నీళ్ళ తొట్టిమీద ఐజాక్ కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది.

"మైకులో విన్నా పెద్దాయనా."

"మంచిదప్పా. నీకు వినపడల్లనే..."

"లోపల కూర్చున్నోళ్ళు ఎవురన్నా నన్ను దొంగ అన్యారా?"

శ్రీరంగప్ప వైరును మళ్ళీ రొంటిన దోపుకున్నాడు.

"ఈళ్ళకు నేను తెలుసు, మాయమ్మ తెలుసు. ఈళ్ళకు మీ సాక్ష్యం అక్కర్లేదు. మీ వీధిలో చెప్పినారా? మద్దిలేటన్న చేన్లో చెప్పినారా? పోనీ, కేశవకన్నా చెప్పినారా?"

"లేదు."

"ఎందుకు చెప్పలే?"

ఐజాక్ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే శ్రీరంగప్ప కూడా నాలుగు మాటలని బయటపడేవాడు. తన మెట్టు దిగి, కాలనీ దాకా నడిచొచ్చి, పరాయి గుడిలో తలవంచడమే గొప్ప సంగతనుకున్నాడు శ్రీరంగప్ప. ఇప్పుడు ఆ చర్చి తలుపువైపు చూస్తే అసలు విషయం తెలిసింది. లోపలున్నవాళ్ళలో తనను పడుగు అతకమని పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే అంత సులువుగా నోరొచ్చింది. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి.

"రేపు చేన్లో చెప్తా," అన్నాడు.

"చూస్తా," అన్నాడు ఐజాక్.

సోమవారం మద్దిలేటి గట్టుమీద జనం రెట్టింపయ్యారు. నేతవీధి నుంచి ఓబుళేసు, తిప్పయ్య, ఇంకా కొందరు ఆటోలో దిగారు. వాళ్ళిళ్ళలో పడుగులన్నీ శ్రీరంగప్ప చేతిమీదుగా ఎక్కినవే. డ్రోన్ ట్యాంకులో ఈసారి మందే పోశారు. చేనికి ఆ చివర మొహానికి గుడ్డ కట్టుకుని, వీపున ట్యాంకుతో ఒక మనిషి మందు కొడుతున్నాడు. దగ్గరికొచ్చేదాకా అది కృపాకుమారి కాదని శ్రీరంగప్పకు తెలియలేదు. అది ఐజాక్. అంగడి పోయింది కదా, తల్లి ట్యాంకు తానెత్తుకున్నాడు. కృపాకుమారి బిందెతో నీళ్ళు అందిస్తోంది.

కేశవ రిమోట్ ఎత్తాడు.

"ఆపు," అన్నాడు శ్రీరంగప్ప.

"ఏంది నాయనా?"

"ఆపమన్నా గదా." చేతిసంచిలోంచి ఐజాక్ కట్టిన మొదటి బ్యాటరీ తీసి గట్టుమీద పెట్టాడు. రొంటినుంచి వైరు తీశాడు. ఓబుళేసు మొహం చూస్తే మాట ఆగిపోతుందని చూడకుండానే మొదలుపెట్టాడు. "ఆ పొద్దు డ్రోన్ పడింది సెల్లు వల్ల కాదు. ఈ అతుకు వల్ల. ఇది నేను వేసినా. బూడిద పెట్టి వేసినా. చెడిందని నాలుగు రోజులుగా తెలిసి గూడా నోరు మూసుకున్నా. ఐజాక్ ఏ తప్పూ చెయ్యలే."

"నాయనా!" అన్నాడు కేశవ. రంగు పోయింది వాడి మొహంలో.

శ్రీరంగప్ప సాళ్ళ మధ్యగా నడిచి ఐజాక్ ఎదుట నిలబడి వైరు చాచాడు. "విప్పు."

వెనక తిప్పయ్య "ఏమప్పా శ్రీరంగప్పా, ఇంకో చేతికిస్తాండావా?" అన్నాడు. ఆయన చెయ్యి వెనక్కి తియ్యలేదు.

ఐజాక్ చేతి తొడుగులు ఊడదీశాడు. వైరు తీసుకుని గోటితో మెలికను తిరగేశాడు. సులువుగా రాలేదు. అంత గట్టి అతుకు అది. పళ్ళు బిగించి ఒక్కొక్క పోగే విప్పుతూ పోయాడు. నల్లటి బూడిద పొడిపొడిగా రాలి వేరుశనగ ఆకులమీద పడింది. చివరి పోగు విడిపోయాక రెండు ముక్కలనూ ఐజాక్ తిరిగి పెద్దాయన చేతికే ఇచ్చాడు. ఆ తర్వాత గట్టు వైపు తిరిగాడు.

కేశవ దగ్గరికొచ్చాడు. తల ఎత్తలేదు. "తప్పయింది రా," అన్నాడు నోట్లోనే.

"ఆ పొద్దు గట్టిగానే అన్యావు కదరా. గట్టిగా చెప్పు."

కేశవ తండ్రి వైపు చూశాడు. శ్రీరంగప్ప చూపు తిప్పుకోలేదు. కేశవ గట్టువైపు తిరిగి, గొంతు పగిలేటట్టు అరిచాడు. "ఐజాక్ దొంగ కాదు! నేనే అబద్ధమాడినా! వాని సెల్లు కొత్తవే!"

ఐజాక్ అప్పుడు కదిలాడు. వీపున ట్యాంకు అట్లాగే ఉంచుకుని, డ్రోన్ దగ్గర కూర్చుని, అనంతపురం బ్యాటరీ తీసేసి తన బ్యాటరీ తగిలించాడు. కొత్త వైరును ఈ కొసనుంచి ఆ కొసదాకా వేళ్ళతో తడిమాడు. "లేపు" అన్నాడు.

డ్రోన్ లేచింది. గట్టు దాటింది. మందు తుంపర సాళ్ళమీద పరుచుకుంటూ మొన్న పడిన చోటికి చేరింది. అక్కడ మొక్కలు ఇంకా నలిగి ఉన్నాయి. హోరు మారలేదు. అది ఆ చోటు దాటి, చేను చివరిదాకా పోయి, తిరిగి రెండో సాలు పట్టింది.

కృపాకుమారి బిందె కింద పెట్టి వచ్చి, కొడుకు భుజాలమీంచి పట్టీలు తప్పించి ట్యాంకు దించింది.